ఇంటి విద్య – బడి భాష

విద్యార్థి బడికి వట్టి చేతులతో వచ్చునని, ఆ చేతులను నింపి పంపుట మాత్రమే ఉపాధ్యాయుని పని అని మనలో పెక్కుమంది భావించుచున్నారు. ఉర్దూ ఇంటి నుండి వచ్చిన బాలునికి తెలుగు రాదందుము. తెలుగు ఇంటి నుండి వచ్చిన బాలికకు ఇంగ్లీషు రాదందుము. జాలరిపేట నుండి వచ్చిన వానికి తెలుగు వచ్చినను 'మంచి తెలుగు' రాదందుము. ప్రవేశపు దరఖాస్తు మొదలుకొని వార్షిక పరీక్షల ఫలితముల పట్టిక వరకు మనము వ్రాసి భద్రపరచునదంతయు రానివాటి జాబితాయే. వచ్చినవేమిటి అని అడుగు గడి ఏ దరఖాస్తులోను మాకు కనబడలేదు.

ఈ విషయమునే తన జీవితకాల పరిశోధనకు వస్తువుగా స్వీకరించిన విద్యావేత్త ఒకరు కలరు. ఆయన పేరు లూయీస్ మోల్. ప్యూర్టోరికో ద్వీపమున జన్మించి, అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా పనిచేసినారు. ఆయన వ్రాసినది మెక్సికో నుండి వలసవచ్చిన శ్రామికుల పిల్లలను గూర్చి. అయినను చదువుచున్నంతసేపు మాకు మన తరగతి గదులే కన్నులకు కట్టినవి. అందుచేత ఆ పరిశోధన సారమును, దానికి మన ప్రాంతమున గల పూర్వరంగమును, రుషికొండ తీరమున మన కళాశాలకు దానివలన ఒనగూడగల ప్రయోజనమును ఇందు వివరింప యత్నించుచున్నాము.

మొదట భాష సంగతి. 1980 ప్రాంతమున మోల్, ఆయన సహచరుడు స్టీఫెన్ డియాజ్ కాలిఫోర్నియాలోని శాన్‌డియేగో నగరమున కొన్ని తరగతులను పరిశీలించినారు. అక్కడి పిల్లలు కొంతసేపు స్పానిష్ తరగతిలోను, కొంతసేపు ఇంగ్లీషు తరగతిలోను కూర్చొనుచుండిరి. ఆ పిల్లలే స్పానిష్‌లో కథ చదివి, అందలి పాత్రలు అట్లేల చేసినవో చర్చింపగలిగి యుండిరి. ఇంగ్లీషు తరగతిలోనికి అడుగు పెట్టగనే వారిని మందబుద్ధుల జట్టులో కూర్చుండబెట్టి, ఉచ్చారణ దిద్దుటతోనే కాలము గడుపుచుండిరి. తలుపు దాటినంత మాత్రమున బుద్ధి తరిగిపోవునా? పరిశోధకులు చేసినది చాల స్వల్పమైన మార్పు. పాఠమును ఇంగ్లీషులోనే చదివించినారు. దానిని గూర్చిన చర్చను మాత్రము స్పానిష్‌లో జరుగనిచ్చినారు. అంతవరకు ఒక్క వాక్యమునకు జవాబు చెప్పలేని పిల్లలు ఆ ఇంగ్లీషు పాఠమును తమ తరగతి స్థాయికి తగినట్లు అర్థము చేసికొన్నారని అప్పుడు తేలినది. లోపము గ్రహణశక్తిలో లేదు. గ్రహించినదానిని వెలికి తెచ్చుకొను ద్వారమును మనము మూసివేసినాము. అంతే.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు తరగతిలో ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థులు వెనుక బల్లలపై మౌనముగా కూర్చొనుట మా సహోద్యోగులందరికి తెలిసిన దృశ్యమే. వారిలో కొందరు దసరా సెలవుల నాటికి కళాశాల మానివేయుదురు. మానిన కారణము అడిగినచో "ఇంటి పరిస్థితులు" అని పుస్తకమున వ్రాసికొందుము. ఆ మౌనమునకు తెలియకపోవుట కారణమా, చెప్పలేకపోవుట కారణమా అని తేల్చుకొనకుండ వ్రాసిన కారణము అది.

తరువాత టూసాన్ నగరమున మోల్ చేపట్టిన కృషి ఇంకను పెద్దది. అందులో నోర్మా గొంజాలెజ్ అను మానవశాస్త్రవేత్త, కాథీ అమాంటీ అను పాఠశాల ఉపాధ్యాయురాలు మొదలైనవారు భాగస్వాములు. 1992లో వీరు ప్రకటించిన వ్యాసము విద్యాశాస్త్రమున ఎంతో ప్రసిద్ధమైనది. 2005లో ఆ కృషి అంతయు గ్రంథరూపమున వెలువడినది. పద్ధతి ఇది: ఉపాధ్యాయుడు తన తరగతి నుండి రెండు మూడు కుటుంబములను ఎన్నుకొని, ఆ ఇండ్లకు పలుమార్లు పోవలెను. పిల్లవాని మీద ఫిర్యాదు చెప్పుటకు కాదు, తల్లిదండ్రులకు హితబోధ చేయుటకు కాదు. నేర్చుకొనుటకు పోవలెను. ఈ ఇంటివారు ఏమి పని చేసినారు, ఆ పని ఎవరివద్ద నేర్చినారు, ఎవరికి నేర్పినారు, ఆపద వచ్చినచో ఏ ఇంటి తలుపు తట్టుదురు, వారి తలుపు ఎవరు తట్టుదురు, ఇట్టి ప్రశ్నలు వేసి, వచ్చిన పిదప సహోపాధ్యాయులతో కూర్చొని విచారింపవలెను.

అట్లు పోయినవారికి కనబడినదేమి? సేద్యము, పశుపోషణ, గనులపని, గృహనిర్మాణము, మూలికావైద్యము, జమాఖర్చులు, మతాచారములు మున్నగు అనేక విషయములలో ఆ బీద ఇండ్లు నిండియున్నవి. ఒక ఉపాధ్యాయురాలు తన విద్యార్థి మెక్సికో మిఠాయిని ఇరుగుపొరుగున అమ్ముచున్నాడని ఇంటికి పోయినప్పుడే తెలిసికొన్నది. ఆ ఆధారముతో తరగతిలో మిఠాయి పాఠము ఆరంభమైనది. మెక్సికో మిఠాయిలో ఏయే పదార్థములున్నవి, అమెరికా మిఠాయిలో ఏవి ఉన్నవి, ఏది ఎంత ధర అని పిల్లలు పట్టికలు గీసినారు. ఒక తల్లి తరగతికి వచ్చి మిఠాయి చేసి చూపినది. గణితము, రసాయనము, వాణిజ్యము, భాష అన్నియు ఆ పొయ్యి చుట్టు చేరినవి.

ఈ సంపదకు వారు పెట్టిన పేరును మేము 'గృహజ్ఞాన నిధి' అని తెలిగించుచున్నాము. 'నిధి' అను మాట ఊరక వచ్చినది కాదు. ఎరిక్ ఉల్ఫ్ అను మానవశాస్త్రవేత్త 1966లో రైతాంగమును గూర్చిన గ్రంథమున, రైతు కుటుంబము తిండికి ఒక నిధిని, విత్తనములకును పనిముట్లకును ఒక నిధిని, పెండ్లి పేరంటములకు ఒక నిధిని, కౌలునకు ఒక నిధిని విడివిడిగా దాచుకొనునని వివరించినాడు. కార్లోస్ వేలెజ్, జేమ్స్ గ్రీన్‌బర్గ్ అను పరిశోధకులు దానికి జ్ఞానమును కూడ చేర్చినారు. దాచుకొన్నది కనుక నిధి. అవసరమునకు తీయునది కనుక నిధి. పొరుగువానికి చేబదులు ఇచ్చునది కనుక కూడ నిధియే.

ఇదంతయు అమెరికా ముచ్చట అని పాఠకులు అనుకొనరాదు. మన ఉత్తరాంధ్ర తీరమునందే, మోల్ పుట్టుటకు ఎన్నో దశాబ్దములకు పూర్వము, ఒక బడిపంతులు ఈ మార్గమున నడచినాడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి పంతులు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ ప్రాంతమున జన్మించి, విజయనగరమున గురజాడ అప్పారావుతో కలిసి చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైనారు. వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయనను మనమందరము ఎరుగుదుము. ఆయన జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. (మేము వ్రాయుచున్న ఈ భాషను చూచి ఆయన నొచ్చుకొందురని తెలిసియే వ్రాయుచున్నాము. అలవాటు వదలినది కాదు.) అయితే తెలుగు గిడుగు కంటె ముందు సవర గిడుగు ఉన్నాడు. కొండల మీది సవరలు సంతకు దిగివచ్చినప్పుడు వారి మాట ఎవరికిని తెలియకపోవుట ఆయన చూచినారు. సవర భాష తెలిసిన వానిని ఇంట పెట్టుకొని ఆ భాష నేర్చినారు. సవర పిల్లలకు వాచకములు వ్రాసినారు. వారి కొరకు బడులు తెరచి, స్వంత ధనముతో నడిపినారు. 1931లో ఆయన సవర వ్యాకరణము ప్రకటితమైనది, పిదప సవర నిఘంటువు వెలువడినది. ఉపాధ్యాయుడే ముందు విద్యార్థి కావలెనను సూత్రము ఇంతకంటె స్పష్టముగా ఎక్కడ కనబడును?

సవర భాషలోని ఒక్క ముచ్చట మాత్రము చెప్పి ముందుకు పోయెదము. సవరలకు పన్నెండు వరకు అంకెలకు విడివిడి పేర్లు కలవు. పదమూడును వారు 'పన్నెండు–ఒకటి' అందురు. పందొమ్మిది 'పన్నెండు–ఏడు'. ఇరువదికి మరల వేరు పేరు. ముప్పదిమూడు అనగా 'ఇరువది–పన్నెండు–ఒకటి'. అనగా వారి లెక్క పన్నెండు, ఇరువది అను రెండు మెట్ల మీద నడచుచున్నది. ఇట్టి ఇంటి నుండి వచ్చిన బాలుని మనము పట్టుకొని, పది మీద మూడు పదమూడు అని నేర్పి, వాడు తడబడినచో లెక్కలు రావందుము. వాడు అప్పటికే ఒక లెక్క ఎరిగి, దానిని మరియొక లెక్కలోనికి మార్చుకొనుచు ఆలస్యమగుచున్నాడు. డజనులలో అరటిపండ్లు కొను మనకు పన్నెండు మెట్టు అంత వింత కారాదు. సవరల నిత్యజీవితమునందలి గణితమును గూర్చి మినతీ పండా అను పరిశోధకురాలు చేసిన కృషి మెచ్చదగినది.

2004లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గిడుగు వారి బాటను మరల తెరచినది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా అను ఎనిమిది భాషలలో, సుమారు 240 పాఠశాలలలో, మొదటి తరగతి నుండి పిల్లల ఇంటి భాషలో బోధన ఆరంభించి, క్రమముగా తెలుగును, పిదప ఇంగ్లీషును చేర్చు పథకము అది. పుస్తకములు తెలుగు లిపిలో అచ్చువేసినారు. ఇందు కువి, కొండ, ఆదివాసీ ఒరియా మన విశాఖ మన్యపు భాషలు. 2022లో జిల్లాలు విడిపోయిన పిదప ఆ మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది గాని, అరకు సంతకు ఇక్కడి నుండి పోవు దారి మారలేదు.

ఇంటి భాష నిలుపుకొన్నచో బడి భాష వెనుకబడునని తల్లిదండ్రులు భయపడుట సహజము. ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు సయితము రెండు భాషలు పిల్లల బుద్ధికి భారమనిరి. 1962లో కెనడాలోని మాంట్రియాల్ నగరమున పీల్, లాంబర్ట్ అనువారు జరిపిన పరిశీలన ఆ నమ్మకమును తలక్రిందులు చేసినది. మనకు మరింత దగ్గరి నిదర్శనము ఒడిశాలోనిది. అజిత్ మొహంతి అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కంధమాల్ ప్రాంతపు కోందు గిరిజనులను పరిశీలించినారు. వారిలో కొన్ని చోట్ల కుయి భాష మరుగుపడి ఒరియా మాత్రమే మిగిలినది, కొన్ని చోట్ల కుయి, ఒరియా రెండును నిలిచినవి. జాతి ఒకటే, ఆచారములు ఒకటే, పేదరికము ఒకటే. భేదము భాషలో మాత్రమే. అందుచేత పోలికకు ఇంతకంటె తగిన తావు దొరకదు. రెండు భాషల పిల్లలే ఆలోచనా పరీక్షలలోను, భాషను భాషగా గమనించు పరీక్షలలోను ముందున్నారని ఆయన తేల్చినారు. 1994లో ఆ గ్రంథమును మైసూరులోని భారతీయ భాషల కేంద్రసంస్థ ప్రకటించినది.

భాషను భాషగా గమనించుట అనగా ఏమి? మన తరగతి నుండియే ఒక ఉదాహరణము. తెలుగులో 'మేము' వేరు, 'మనము' వేరు. విను వానిని కలుపుకొన్నచో 'మనము', కలుపుకొననిచో 'మేము'. ఉర్దూలో రెండింటికిని 'హమ్' ఒక్కటే. ఉర్దూ ఇంటి విద్యార్థి తెలుగులో తరచుగా ఇక్కడ జారును. "మనము రేపు ఊరికి పోవుచున్నాము సార్" అని మాతో అనినప్పుడు తరగతి నవ్వును. కాని ఆ నవ్విన తెలుగు విద్యార్థిని నిలిపి ఈ భేదమేమిటో చెప్పుమన్నచో చెప్పలేడు. అది అతనికి ఊపిరి వంటిది, ఊపిరిని ఎవరును గమనింపరు. జారిన వాడే గమనించినాడు. అట్లే ఉర్దూలో కుర్చీ స్త్రీలింగము, దర్వాజా పుంలింగము. తెలుగు బిడ్డ అక్కడ జారును, జారినప్పుడే తన భాషలో ప్రాణము లేని వస్తువులకు ఇట్టి బాధ లేదని గ్రహించును. వ్యాకరణ పాఠమునకు ఇంతకంటె మంచి ఆరంభము మాకు తెలియదు. ఇరువురిని ప్రక్క ప్రక్కన కూర్చుండబెట్టగల కళాశాల మనది.

ఇక రెండు భాషలు మనము తలచినంత దూరపు చుట్టములును కావు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, అసలు, అర్జీ, రాజీనామా, దస్తావేజు, జిల్లా, తహసీలు – ఇవి తెలుగు ఇంటిలో పుట్టినవి కావు, అయినను తెలుగు ఇంటిలో ఉన్నవి. వాణిజ్యశాస్త్ర పాఠమున 'ఆదాయ వ్యయములు' అనగానే ఉభయ విద్యార్థులును తెల్లబోవుదురు. 'జమాఖర్చులు' అన్నచో ఇరువురికిని అమ్మమ్మ పద్దుపుస్తకము గుర్తుకు వచ్చును. మరియొక సంగతి. ముస్లిముల ఇంటి భాష ఉర్దూయే అను లెక్క అన్ని వేళల సరిపడదు. దూదేకుల వారు, అనగా నూర్‌బాషా కుటుంబముల వారు, తరతరములుగా తెలుగే మాటలాడుచున్నారు. ప్రవేశ పత్రమున మతము గడి చూచి భాష గడి నింపు గుమాస్తాలు ఈ విషయము గమనింపవలెను.

రుషికొండ ఇండ్లలో నిధులు వెదకబోయినచో మొదట చంద్రుని పట్టుకొనవలెనని మా అభిప్రాయము. చంద్రుడు ఇక్కడ ముగ్గురి ఇండ్లలో మూడు పనులు చేయుచున్నాడు.

జాలరికి చంద్రుడు నీటి లెక్క. అమావాస్యకు, పున్నమికి పోటు మిక్కిలి పొంగునని, అష్టమి ప్రాంతమున మందగించునని వానికి పుస్తకము చెప్పలేదు. చంద్రోదయము దినదినమునకు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును, పోటును అంతే జరుగును. పాత లెక్కలో ఘడియ అనగా 24 నిమిషములు కనుక, ఇది రమారమి రెండు ఘడియలు. వెన్నెల రాత్రులలో కొన్ని వలలకు చేప తక్కువగా పడునని కూడ జాలరులు చెప్పుదురు.

ముస్లిము ఇంట చంద్రుడు పండుగల లెక్క. చాంద్రమాసము సుమారు ఇరువది తొమ్మిదిన్నర దినములు. పన్నెండు మాసములకు 354 దినములు. సూర్యుని సంవత్సరముకంటె 11 దినములు తక్కువ. కనుక రంజాన్ ఏటేట 11 దినములు వెనుకకు జరుగుచు, సుమారు 33 ఏండ్లకు ఒకసారి ఋతువులన్నింటిని చుట్టివచ్చును. 1983లో జూన్ మాసమున ఆరంభమైన రంజాన్, 2000లో నవంబరు చివర చలికాలమున ఆరంభమై, మరల 2016లో జూన్ మాసముననే ఆరంభమైనది. మండుటెండలో తొలి రోజా పట్టిన దాదీ అమ్మ, నడివయసున చలికాలపు రోజాలు పట్టి, వార్ధక్యమున మరల ఎండ రోజాలు చూచినదన్నచో, ఆమె ఒక ఖగోళ చక్రమును తన శరీరముతో కొలిచినదన్నమాట.

హిందువుల ఇంట పంచాంగము కూడ చంద్రుని మాసములనే లెక్కించును. కాని ఆ 11 దినముల లోటును ఊరక విడువదు. కూడబెట్టి, రెండున్నర ఏండ్లు దాటిన పిదప, ఒక అధికమాసముగా చెల్లించును. 19 ఏండ్లలో ఇట్టివి 7 వచ్చును. అందుచేతనే దసరా శరదృతువును విడువదు, రంజాన్ అన్ని ఋతువులను చూచును. ఒకే లోటును ఒకరు చెల్లించినారు, ఒకరు జరుగనిచ్చినారు. ఈ ముగ్గురి ఇండ్ల పిల్లలును ఒకే బల్లపై కూర్చున్న తరగతిలో భూగోళ పాఠమున 'చంద్రుని కళలు' అను అధ్యాయమును బొమ్మ చూపి బట్టీ పట్టించుట ఎంత నష్టము!

ఇట్టివి ఇంకను పెక్కు కలవు. తీరముననున్న ఒక కొండను దాని వెనుకనున్న కొండతో వరుసలో పెట్టి ఒక గీత, వేరొక ప్రక్క మరి రెండు గురుతులతో మరియొక గీత, ఆ రెండు గీతలు కలియు చోట వల వేయుట జాలరుల పూర్వపద్ధతి. ఇపుడు పెక్కు మరపడవలలో జి.పి.ఎస్. యంత్రము వచ్చినది గాని, రేఖాగణితము అదే. ధాన్యము కొలతలు చూడుడు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. అనగా కుంచము 64 గిద్దలు. రెండు చొప్పున హెచ్చుచు పోవు ఈ వరుసయే నేడు కంప్యూటరు తరగతిలో క్రొత్త విద్యగా నేర్పబడుచున్నది. వలీమా విందునకు డేగిసాలు ఎక్కించు వంటవాడు నూరుమందికి బియ్యమెంత, మాంసమెంత, నీరెంత అని కాగితము లేకయే నిష్పత్తులు కట్టును. మూతకు పిండి మెత్తి దమ్ పెట్టునప్పుడు ఆవిరి పీడనమును గూర్చి అతనికి తెలిసినది తక్కువేమి కాదు. రేవులోను, ఉక్కు కర్మాగారములోను వెల్డింగు పనిచేయు తండ్రులకు లోహము వేడికి ఎంత వ్యాకోచించునో చేతి అంచనాయే కలదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఇంటి వృత్తిని బడికి ముడివేయుటలో ఒక ప్రమాదము పొంచియున్నది. మన రాష్ట్రములోని పెద్దలకు ఇది జ్ఞాపకముండును. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ప్రాథమిక విద్యలో ఒక మార్పు తెచ్చినారు. పిల్లలు పూటలో కొంతసేపే బడిలో ఉండవలెను, మిగిలిన వేళ తండ్రి వృత్తి నేర్చుకొనవలెను. నాటికి విశాఖ జిల్లాయు మద్రాసు రాష్ట్రములోనిదే. ఇది చాకలి కొడుకును చాకలిగాను, కుమ్మరి కొడుకును కుమ్మరిగాను ఉంచు 'కులవిద్య' అని ప్రజలు మండిపడినారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి కాగానే ఆ పథకమును రద్దుచేసినారు. ప్రజలు మండిపడుట న్యాయము. మోల్ చెప్పినది దీనికి పూర్తిగా విరుద్ధము. రాజాజీ పథకము పిల్లవానిని బడి నుండి ఇంటికి పంపినది. మోల్ పంపినది ఉపాధ్యాయుని, అదియు తిరిగి వచ్చుటకు. జాలరి కుమార్తె చంద్రుని కళలతో ఆరంభించి భౌతికశాస్త్రమునకు పోవలెనేగాని తీరముననే ఆగిపోరాదు. ఈ భేదము మరచినచో ఇంటి విద్య పేరున మనము పాత సంకెళ్ళనే మెరుగుపెట్టుదుము.

మహాత్మాగాంధీ నయీ తాలీమ్ కూడ ఈ సందర్భమున స్మరింపదగినది. 1937లో వార్ధా సమావేశము పిదప ఆ విద్యాప్రణాళికను రూపొందించిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుసేన్. హైదరాబాదులో జన్మించి, తరువాత రాష్ట్రపతి పదవి నలంకరించిన ఈ మహనీయుడు మాతృభాషను, చేతిపనిని విద్యకు రెండు కన్నులుగా భావించినారు. అయితే నయీ తాలీమ్‌లో రాట్నము బడి పెట్టినది. ఇంట అప్పటికే ఉన్నదేమిటని చూచుట తక్కువ. మోల్ పద్ధతి ఆ లోటును పూరించుచున్నదని మా భావము.

ఉర్దూ అభిమానులకు రుచింపని మాట ఒకటి కూడ చెప్పక తప్పదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో వైద్యము, ఇంజనీరింగు సయితము బోధించి, భారతీయ భాష ఉన్నతవిద్యకు చాలునని లోకమునకు చూపినది. అనువాద శాఖ అనేక శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. మనము గర్వింపదగినదే. కాని నిజాము రాజ్యమున అత్యధికుల ఇంటి భాష తెలుగు, తరువాత మరాఠీ, కన్నడము. వారికి ఉర్దూ, నేడు మన ఉర్దూ పిల్లలకు తెలుగు ఎట్లో అట్లే ఉండెను. వెనుక బల్లపై మౌనముగా కూర్చున్నవాడు ఆనాడు తెలుగు బాలుడు. భాష పేరు ఏదైనను ఆ బల్ల మాత్రము ఒకటే.

చట్టములు మనకు అనుకూలముగానే ఉన్నవి. 1956 సవరణతో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను కోరుచున్నది. 2009 విద్యాహక్కు చట్టము సాధ్యమైనంత వరకు మాతృభాషయే మాధ్యమమనుచున్నది. 2022లో మన రాష్ట్రమున ఉర్దూ రెండవ అధికార భాష అయినది. అయితే చట్టము బడి గేటు వరకే వచ్చును. మోల్ పనిచేసిన అరిజోనాలోనే 2000 సంవత్సరమున ప్రజలు ఓటు వేసి ద్విభాషా బోధనను మిక్కిలి కట్టడి చేసినారు. అందుచేత చట్టము ఉన్నప్పుడే పని చేసికొనుట మేలు.

కళాశాల పాలకవర్గము వారికి మేము మనవి చేయునవి రెండు మాత్రమే. మొదటిది ఖర్చు లేనిది. మొదటి సంవత్సరపు తరగతులలో వారమునకు రెండు గంటలు, పాఠ్యగ్రంథము తెలుగుదైనను ఇంగ్లీషుదైనను, చర్చ విద్యార్థులకు నచ్చిన భాషలో జరుగనిండు. ఉర్దూ శాఖవారు ఒకరు, తెలుగు శాఖవారు ఒకరు ఆ గంటలలో కలిసి కూర్చొనగలరు. వ్రాయుట పరీక్ష భాషలోనే ఉండును, మాటలాడుట మాత్రము స్వేచ్ఛగా సాగును.

రెండవది గృహసందర్శనము. ఇద్దరిద్దరు అధ్యాపకులు, ఒక్కొక్క జట్టు మూడు కుటుంబములకు, ఏడాదిలో మూడేసి పర్యాయములు పోవలెను. మొదటి పర్యాయము నోటుపుస్తకము తెరువరాదు. జనాభా లెక్కలవారమనియో, అప్పుల వారమనియో అనుకొందురు. తల్లులతో మాటలాడుటకు అధ్యాపకురాళ్ళు తప్పనిసరి. బస్సు ఛార్జీలు, ఆ దినపు గంటల సర్దుబాటు కళాశాల భరింపవలెను. టూసాన్‌లో సయితము ఉపాధ్యాయులచే ఈ పనిని ఉచితముగా చేయింపలేదు.

చిక్కు కాలముతో వచ్చుచున్నది. జాలరి ఇంట పురుషులను పగటివేళ పట్టుకొనుట దుర్లభము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, మరపడవల వేటను నిషేధింతురు. ఆ 61 దినములు పడవలు ఒడ్డున ఉండును, వలలు బాగుచేసికొనుచు మగవారు ఇండ్ల ముందు కూర్చొందురు, మాటలాడుటకు తీరిక దొరుకును. అయితే ఆ దినములలో అధిక భాగము మన వేసవి సెలవులు. జూన్ మొదట కళాశాల తెరచిన పిదప 14వ తేదీ వరకు మిగులునది రెండు వారములు మాత్రమే. అవియు ప్రవేశముల రద్దీలో పోవుచున్నవి. ఈ పర్యాయము ప్రవేశపు పని గుమాస్తాలకు అప్పగించి ఆ రెండు వారములు అధ్యాపకులను విడుదల చేయుదురా, లేక సెలవులలో వచ్చు వారికి ప్రతిసెలవు మంజూరు చేయుదురా అనునది పాలకవర్గము మార్చి సమావేశములోగా తేల్చవలసి యున్నది. సెలవులలో వచ్చుటకు మా శాఖ నుండి ముగ్గురము ఇప్పటికే పేర్లిచ్చినాము.